అట్టపెట్టె మీద "ఓపెన్ సోర్స్ ఆధారితం" అని ఉందా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఫోటోలు, స్కాన్ చేసిన కాగితాలు, పాత వీడియోలు ఇంట్లోనే ఒకచోట దాచుకోవడానికి నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె కొనాలనుకుంటున్నవారికి ఈ హెచ్చరిక. రెండు డిస్కులు పట్టే చిన్న నల్లటి పెట్టె, ముందువైపు ఒకే ఒక దీపం, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో "ఓపెన్ సోర్స్ ఆధారితం, మీ డేటా మీ చేతిలోనే" అనే ప్రకటన. (ఓపెన్ సోర్స్ అంటే, సాఫ్ట్‌వేర్ మూల రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చూసి, మార్చి, వాడుకునేలా బయటపెట్టడం.) ఈ పోలికలున్న సరుకు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నేను కొన్నది అదే. ఇప్పుడది మూలన పడి ఉంది. చెడిపోయి కాదు, పెట్టె భేషుగ్గా ఉంది. కంపెనీ ఎక్కడో తన సర్వర్‌ను ఆపేసింది, అంతే.

కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. లోపలి బోర్డు ఒకటే, పైన అతికించే పేర్లు మాత్రం రకరకాలు. ఒక పేరు చెబితే మిగతా పేర్లతో వచ్చేవి మంచివేనని అనుకునే ప్రమాదముంది. కాబట్టి పేరును కాదు, కింద చెప్పిన లక్షణాలను గుర్తుపెట్టుకోండి.

"పాత మోడళ్లకు సేవలను విరమిస్తున్నాం" అని ముందు ఒక మెయిల్ వచ్చింది. బయట ఉన్నప్పుడు ఫోన్లో ఫైళ్లు చూసుకునే సౌకర్యం పోతుందనే ఎవరైనా అనుకుంటారు. పోతే పోయింది, ఇంట్లో వాడుకోవచ్చు కదా అని. తీరా ఆ తేదీ దాటాక ఇంట్లోని కంప్యూటర్‌లో పెట్టె అడ్రసు కొడితే, అది నేరుగా కంపెనీ లాగిన్ పేజీకి మళ్లుతోంది. ఆ పేజీయేమో తెరుచుకోదు. పక్క గదిలో ఉన్న పెట్టెలోని నా ఫైలు నేను చూసుకోవడానికి కూడా కంపెనీ సర్వర్ అనుమతి కావాలన్నమాట. ఈ సంగతి అట్టపెట్టె మీద ఎక్కడా లేదు. వాడకం పుస్తకంలోనూ లేదు. కస్టమర్ కేర్‌ను అడిగితే కొత్త మోడల్ కొంటే తగ్గింపు ఇస్తామన్నారు. తాళంచెవి పారేసినవాడే కొత్త ఇల్లు కొనుక్కోమన్నట్టుంది.

సర్వర్లు ఆగిపోవడం కొత్త కాదు. 2016లో ఇంట్లోని స్మార్ట్ పరికరాలను కలిపి నడిపే రివాల్వ్ అనే హబ్‌ను దాని యజమాని అయిన నెస్ట్ సంస్థ సర్వర్లతో సహా ఆపేసింది. డబ్బిచ్చి కొన్న హబ్‌లు ఒక్క పూటలో పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇంటి దీపాలు, స్విచ్చులను నడిపే ఇన్‌స్టియాన్ కంపెనీ సర్వర్లు ముందస్తు మాట కూడా లేకుండా మూగబోయాయి. ఆ తర్వాత వాడకందారులే కొందరు కలిసి ఆ కంపెనీని కొనుక్కోవలసి వచ్చింది. కాబట్టి సర్వర్ ఆపడం ఒక్కటే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ని కాదు. నా కోపమంతా "ఓపెన్ సోర్స్" అనే మాటను అడ్డం పెట్టుకుని అమ్మినందుకు.

ఆ మాట నిజమే అయితే ఈ కథ వేరేగా ముగియాలి. కోడ్ ఇచ్చి ఉంటే ఆ లాగిన్ తతంగాన్ని తీసేసి ఎవరో ఒకరు కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) తయారు చేసేవారు. సరే, కోడ్ అడుగుదామని మెయిల్ పెట్టాను. పెట్టెలో లైనక్స్ కెర్నల్ (యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఉంది, అది జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు కింద వచ్చేది, అంటే అమ్మేవారు కోడ్ కూడా ఇవ్వాల్సినది. మీరు మాకు అమ్మిన వెర్షన్‌కు సంబంధించిన పూర్తి సోర్స్ కోడ్ పంపండి అని రాశాను. మొదట "మీ ఫిర్యాదు అందింది" అనే అచ్చు జవాబు. తర్వాత "మా సాఫ్ట్‌వేర్ వాణిజ్య రహస్యం" అనే ఇంకో జవాబు. అట్ట మీద ఓపెన్ సోర్స్, మెయిల్‌లో వాణిజ్య రహస్యం! గట్టిగా అడగ్గా అడగ్గా ఒక జిప్ ఫైలు పంపారు.

ఆ జిప్ ఫైలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకూ ఇలాంటిదే పంపి చేతులు దులుపుకోవచ్చు. తెరిస్తే కెర్నల్ 4.4 వరుసకు చెందిన ఫోల్డర్ ఒకటి. కెర్నల్ సైటులో దొరికే అదే వెర్షన్‌ను దించుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాను. ఒక్క వరుస తేడా లేదు. అంటే ఎవరైనా ఉచితంగా దించుకోగల మామూలు కెర్నల్‌నే జిప్ చేసి పంపారు. ఈ పెట్టెలోని చిప్‌కు వాళ్లు చేర్చిన డ్రైవర్లు (చిప్‌ను పని చేయించే కోడ్) లేవు. బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు లేదు. ఏ ఏ సౌకర్యాలు కలిపి తయారు చేశారో చెప్పే కాన్ఫిగ్ ఫైలు లేదు. చిన్న చిన్న లైనక్స్ పనిముట్ల కట్ట అయిన బిజీబాక్స్ ఊసే లేదు, పెట్టె వెలగగానే కెర్నల్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ ఊసే లేదు. ఈ పెట్టెలో ఉన్న ఆ రెండూ జీపీఎల్ కిందవే.

జీపీఎల్ రెండో వెర్షన్‌లో ఈ విషయం దాపరికం లేకుండా రాసి ఉంది. 1991 నాటి పత్రం అది. ప్రోగ్రాంను అమ్మేవారు సోర్స్ కోడ్‌ను దానితోపాటే ఇవ్వాలి, లేదా అడిగిన ఎవరికైనా ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. పూర్తి కోడ్ అంటే మాడ్యూళ్ల కోడ్ ఒక్కటే కాదు, దాన్ని కంపైల్ చేసి (నడిచే ప్రోగ్రాంగా మార్చి) స్థాపించడానికి వాడే స్క్రిప్టులు కూడా అని విడమరచి చెప్పింది. ఆ స్క్రిప్టులెందుకు, కోడ్ ఉంటే చాలదా అనేవారికి 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (లైనక్స్‌లో ఫైళ్లను కుదించే పనిముట్టు) వ్యవహారం గుర్తుచేస్తాను. అక్కడ దొంగ తలుపును (రహస్యంగా చొరబడే దారిని) తెరిచే వరుసలను, అందరికీ కనిపించేలా కోడ్ ఉంచే గిట్ భాండారంలో పెట్టలేదు. విడుదల చేసిన టార్ ఫైలులోని (కోడ్ మూటలోని) బిల్డ్ స్క్రిప్టులో, అంటే కంపైల్ చేయడానికి వాడే స్క్రిప్టులో దాచారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తన లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వబట్టి దొరికింది. అందరికీ చూపే కోడ్ ఒకటి, యంత్రంలో నడిచేది మరొకటి అయితే ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది. అయితే అక్కడ టార్ ఫైలు చేతిలో ఉంది కాబట్టి పోల్చి పట్టుకోగలిగారు. నా పెట్టె విషయంలో పోల్చడానికే ఏమీ లేదు.

ఇంకో సంగతి: ఆ 4.4 కెర్నల్. దానికి దీర్ఘకాల మద్దతు 2022 ఫిబ్రవరిలోనే ముగిసింది. ఆ తర్వాత కూడా అదే కెర్నల్‌తో సీలు తీయని కొత్త సరుకుగా అమ్ముతున్నారు. భద్రతా లోపాలు ఎప్పటికప్పుడు సరిదిద్దుతామని ప్రకటనలో ఉంది. ఎవరు సరిదిద్దుతున్నారో, ఎక్కడ సరిదిద్దుతున్నారో ఆ దేవుడికే తెలియాలి.

కోడ్ ఇవ్వకపోతే పోనీ, వేరే లైనక్స్ ఎక్కిద్దామని మూత విప్పాను. బోర్డు మీద నాలుగు పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. దానికి తీగలు కలిపితే బూట్ సందేశాలు (పెట్టె మొదలయ్యేటప్పుడు రాసే వరుసలు) కనిపిస్తాయి. ఆటోబూట్‌ను (తనంతట తానే మొదలవడాన్ని) ఆపాలంటే ఏదైనా కీ నొక్కండి అనే వరుస వస్తుంది, కానీ పక్కనే గడువు సున్నా. నొక్కే వ్యవధే లేదు. ఆ వెంటనే కెర్నల్ మీది డిజిటల్ సంతకం సరిచూసే వరుస. కంపెనీ సంతకం లేని కెర్నల్ పెడితే అక్కడే ఆగిపోతుంది. టీవీ రికార్డర్లు అమ్మిన టివో కంపెనీ ఒకప్పుడు ఇలాగే చేసింది: కోడ్ ఇచ్చింది, దాన్ని మార్చి అదే యంత్రంలో నడపనివ్వలేదు. ఆ దారి మూయడానికే 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్, ఇళ్లలో వాడే వస్తువులకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి కావలసిన వివరాలు కూడా ఇవ్వాలన్నది. లైనక్స్ కెర్నల్ మాత్రం రెండో వెర్షన్‌తోనే ఉండిపోయింది. ఈ సందులోంచే ఇలాంటి కంపెనీలు దూరుతున్నాయి. కోడ్ ఇవ్వకపోవడం లైసెన్సు ఉల్లంఘన అని గట్టిగా చెప్పగలను. బూట్‌లోడర్‌కు తాళం వేయడం మీద న్యాయం తెలిసినవారే వాదులాడుకుంటున్నారు, అందులోకి నేను వెళ్లను.

అలాగని ఓపెన్ సోర్స్ అంటేనే మోసమని తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. కోడ్ నిజంగా బయటికి వచ్చినచోట వస్తువు ఆయుష్షు ఎలా పెరుగుతుందో చూశాం. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ ఉందని వాడకందారులు కనిపెట్టి పట్టుబట్టాక 2003లో దాని కోడ్ విడుదలైంది. ఆ కోడ్ నుంచే మరుసటి ఏడాది, రౌటర్లకు ఎక్కించుకునే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఈనాటికీ ఎన్నో రౌటర్లకు అదే ఊపిరి. పెబుల్ గడియారాల కంపెనీ 2016లో మూతపడితే అభిమానులు రెబుల్ పేరుతో సేవలను నిలబెట్టారు, 2025 జనవరిలో, ఆ గడియారాల సాఫ్ట్‌వేర్‌కు అప్పటికి యజమాని అయిన గూగుల్ దాని కోడ్‌ను విడుదల చేసింది. అసలు ఓపెన్ సోర్స్ అంటే ఇదీ.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది, ఊరూపేరూ లేని చవక ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల బాగోతం. ఆండ్రాయిడ్ మూల కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి గూగుల్ ధ్రువీకరణ లేకుండానే ఆ పెట్టెలు తయారవుతాయి. వాటిలో కొన్ని ఫ్యాక్టరీ నుంచే హానికర సాఫ్ట్‌వేర్‌తో వస్తున్నాయి. అలా వశమైన పరికరాలతో అల్లిన బ్యాడ్‌బాక్స్ 2.0 అనే వల గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక జారీ చేసింది. కోటికి పైగా పరికరాలు దాని గుప్పిట్లో ఉన్నాయంటూ తర్వాతి నెలలో గూగుల్ కోర్టుకెక్కింది. అక్కడా అదే తీరు: మూలం తెరిచి ఉంది, కొన్నవాడి చేతికి వచ్చింది మాత్రం లోపల ఏముందో తెలియని పెట్టె.

ఇక కొనేముందు చేయాల్సిన పని. అన్నిటికన్నా మొదట, డబ్బు కట్టకముందే కంపెనీకి మెయిల్ పెట్టి సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుందో అడగండి. నిజాయితీగల వాళ్లు లింకు పంపేస్తారు. "అది మా సాంకేతిక విభాగం చూస్తుంది" అన్నారంటే అర్థమైపోయినట్టే. లింకు వస్తే కాన్ఫిగ్ ఫైలు ఉందో లేదో, లైసెన్సు ఏమిటో చూడండి. కోడ్ కంటికి కనిపిస్తోంది కదా అని తృప్తిపడవద్దు. చూడవచ్చు గానీ ఫలానా పనికి వాడకూడదు, అమ్మకూడదు అనే షరతులున్నది, 1998 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ నిర్వచనం ప్రకారం ఓపెన్ సోర్స్ కానే కాదు.

ఇంటర్నెట్ లేకుండా పెట్టె పని చేస్తుందా అన్నది రెండో ప్రశ్న, నా దృష్టిలో అంతే ముఖ్యమైనది. వాడకం పుస్తకాన్ని ముందే దించుకుని, ఖాతా సృష్టించే పేజీ చదవండి. పెట్టెలోనే ఉండే ఖాతాతో మొదలుపెట్టే దారి లేకపోతే వద్దనుకోండి. ఇప్పటికే కొని, వాపసు గడువు ఇంకా మిగిలి ఉంటే, రౌటర్ నుంచి ఇంటర్నెట్ తీగ తీసేసి, పెట్టెను ఆర్పి మళ్లీ వెలిగించి చూడండి. ఫైళ్లు తెరుచుకోకపోతే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. ఈ పరీక్షకు ఏ సాంకేతిక జ్ఞానమూ అక్కర్లేదు.

అప్‌డేట్లు ఎప్పటివరకు ఇస్తారో తేదీతో సహా అడగండి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే గృహ వస్తువులకు కనీస అప్‌డేట్ కాలాన్ని ప్రకటించడం చట్టప్రకారం తప్పనిసరి. అక్కడ సరుకు అమ్మే కంపెనీ ఆ కాలాన్ని ప్రకటించే ఉంటుంది. అది మనకూ తెలియాలి కదా.

ఇదే పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు కంగారుపడి పారేయవద్దు. ఫ్యాక్టరీ రీసెట్ అసలే చేయవద్దు. కస్టమర్ కేర్ మొదట చెప్పే సలహా అదే. రీసెట్ అయ్యాక పెట్టె మళ్లీ నమోదు కావడానికి సర్వర్‌నే అడుగుతుంది, ఆ సర్వరేమో లేదు. పెట్టెను ఆర్పి డిస్కులు బయటికి తీయండి, ఏది ఏ అరలో ఉందో పెన్నుతో రాసుకోండి. వాటిని విండోస్ కంప్యూటర్‌కు పెడితే ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. చేయవద్దు. లైనక్స్ ఉన్న కంప్యూటర్‌కు, లేదా పెన్ డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్‌కు కలపండి. లోపల ఉన్నది మామూలు లైనక్స్ రెయిడ్ (డిస్కులను జతగా వాడే అమరిక), ఈఎక్స్‌టీ4 అనే మామూలు లైనక్స్ ఫైల్ సిస్టమే (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి). ఎండీఏడీఎం అనే పనిముట్టు దాన్ని గుర్తుపడుతుంది. రెండు డిస్కుల్లో ఒకే నకలు ఉండే అమరిక ఎంచుకుని ఉంటే ఒక్క డిస్కు చాలు. చదవడానికి మాత్రమే అనే షరతుతో మౌంట్ చేసి (కంప్యూటర్‌లో తెరిచి), అన్నీ వేరే డిస్కుకు కాపీ చేసుకోండి. నా ఫోటోలన్నీ ఇలాగే బయటపడ్డాయి. కంపెనీ దాచిన కోడ్ కాదు, వాళ్లు ఉచితంగా తీసుకుని వాడుకున్న కోడే ఆదుకుంది. సెట్టింగుల్లో ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం) వేసుకున్నవారికి మాత్రం ఈ దారి పనికిరాకపోవచ్చు. తాళంచెవి ఫైలును విడిగా దాచుకుని ఉంటే ముందు దాన్ని వెతకండి.

కాన్ఫిగ్ ఫైలు, డివైస్ ట్రీ, డ్రైవర్ల కోడ్ పంపమని కంపెనీకి మళ్లీ రాశాను, బిజీబాక్స్, బూట్‌లోడర్ సంగతి కూడా కలిపి. ఇదే బోర్డు ఉన్నవారు మీరూ విడివిడిగా రాయండి. హామీ ప్రకారం కోడ్ అడగడానికి రశీదు కూడా అక్కర్లేదు. ఎవరికైనా అసలైన కోడ్ వస్తే దయచేసి నాకు తెలియజేయండి. బూట్ సందేశాలు మొత్తం భద్రపరిచి ఉంచాను, ఫర్మ్‌వేర్ మీద పని చేయగలవారు అడిగితే పంపుతాను.