వానపాముల ఎరువు: సరుకు మంచిదే, ధరే భారం

మా మండలంలోని ఒక చిన్న తయారీ కేంద్రం నుంచి కిలో 10 రూపాయల చొప్పున తెప్పించుకున్న వానపాముల ఎరువును, వంగ, టమాటా తోటలో ఒక పంటకాలమంతా వాడిన మీదట ఈ అభిప్రాయం రాస్తున్నాను.

వేసవిలో వచ్చిన సరుకు నిజంగా మెచ్చుకోదగినది. బస్తా విప్పితే పేడ కంపు లేదు, తడిమట్టి వాసన వచ్చింది. నల్లని సన్న గుళికలు టీపొడిలా చేతిలోంచి జారాయి. మాగని పశువుల ఎరువు తోలినప్పుడు వెంట వచ్చే కలుపు గింజలు, వేరుపురుగు, చెదల బెడద దీనితో రాలేదు. వానాకాలపు బస్తాలు మాత్రం నిరాశపరిచాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. వీటిని పిడికిట బిగిస్తే వేళ్ల సందుల్లోంచి నీరు కారింది. తూకానికి అమ్మే సరుకులో నీరు ఎక్కువైతే రైతు ఆ నీటికీ డబ్బు కట్టినట్లే కనుక, తయారీ తేదీ, పరీక్ష వివరాలు బస్తాపై ముద్రించి తీరాలి. అవి ఎక్కడా లేవు.

మాది వాన వెలిసి ఎండ కాయగానే పైపొర పెచ్చుకట్టే ఎర్ర నేల. ఎరువు వేసిన చాళ్లలో ఆ పెచ్చు పలచబడింది, కలుపు వేళ్లతో సహా తేలిగ్గా ఊడివచ్చింది, తడికీ తడికీ మధ్య ఎడం పెరిగింది. సేంద్రియ పదార్థం మీద బతికే సూక్ష్మజీవుల నుంచి వచ్చే జిగురు మట్టి రేణువులను చిన్న గుళికలుగా పట్టి ఉంచుతుంది. గాలీ నీరూ నిలిచేది ఆ గుళికల సందుల్లోనే. యూరియా ఎంత చల్లినా ఈ గుల్లదనం రాదు.

నత్రజని కోసమే అయితే దీన్ని కొనవద్దు. టన్ను ఎరువులో అది సుమారు 10 నుంచి 15 కిలోలే ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైనే ఉంటుంది. పైగా ఎకరానికి 2 టన్నులు వేయాలంటే 20,000 రూపాయలు కావాలి, వరికి ఆ ఖర్చు గిట్టదు. వరి పొలానికి నాట్లకు ముందు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగో జనుమో చల్లి, పూతకు వచ్చే వేళ, అంటే దాదాపు 45 రోజులకు, కలియదున్నడం ఎంతో చవక. ఈ బస్తాలను నారుమళ్లకు, కూరగాయల పాదులకు, పండ్ల మొక్కలు నాటే గుంతలకు వాడుకుంటే పెట్టిన డబ్బు దక్కుతుంది. ఆ మేరకు నేను మళ్లీ కొంటాను, అదీ వేసవిలోనే, ఒక బస్తా విప్పించి పిడికిట పట్టి చూశాకే.