పోచంపల్లిలో చీర కొనే ముందు దారం లాగి చూడండి

ఈ చలికాలం మూడు సెలవు రోజుల్లో భువనగిరి, కొలనుపాక, పోచంపల్లి చూసొచ్చాం. ఉప్పల్ నుంచి పొద్దున వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికొచ్చే దూరాలే. మొదటి రెండూ హాయిగా గడిచాయి. మూడోదానిలో 6,800 రూపాయలు పోయాయి. ఎలా పోయాయో తెలిస్తే మరొకరికి పోవు.

భువనగిరి కోట ఒకే గుండు మీద ఉంటుంది. కల్యాణి చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఊరికి ఆ పేరు. బండ మీద నీడుండదు, మెట్లు కొన్నిచోట్ల రాతిలోనే తొలిచినవి. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, మనిషికి లీటరున్నర నీళ్లు పట్టుకెళ్లండి, వాన పడ్డ రోజు మాత్రం ఎక్కకండి.

కొలనుపాకకు రైలే మేలు. సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో ఆలేరులో దిగితే అక్కడికి ఆరేడు కిలోమీటర్లు. షేర్ ఆటోకు తలా 30 తీసుకున్నారు. జైన మందిరంలో పచ్చరాతి మహావీరుణ్ని చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు. నా మాట వినండి, సోమేశ్వరాలయానికీ వెళ్లండి. వీరశైవుల రేణుకాచార్యుడు ఇక్కడి లింగం నుంచే పుట్టాడని నమ్మకం. ఆవరణలోని మ్యూజియంలో చాళుక్యుల కాలపు శిల్పాలు తీరిగ్గా చూడొచ్చు. గంటన్నర పడుతుంది. మా ఆయన ఆకలని ముందే తొందరపెట్టారు, అదొక్కటే వెలితి.

ఇక పోచంపల్లి. విజయవాడ రోడ్డులో రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక ఎడమకు తిరగాలి. రానూపోనూ పెట్రోలు 800. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చింది ఈ ఊళ్లోనే. భూదానోద్యమానికి అదే మొదలు. చెరువు వైపు వెళ్లి ఆ జ్ఞాపకాలు చూశాక షాపుల్లోకి దిగండి.

మేం చేసిన తప్పు వరుస మార్చడం. ఊళ్లోకి రాగానే అద్దాల షోరూమ్‌లోకి వెళ్లాం. "చేతి మగ్గం, సింగిల్ ఇక్కత్, ప్యూర్ పట్టు, ఈ డిజైన్‌లో ఒక్కటే పీసు" అన్నాడు. బిల్లు మీద 'శారీ' అని మాత్రం రాశాడు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే లోపలి వైపు రంగు వెలిసినట్టుంది. అది ప్రింటు. ఫోన్ చేస్తే అమ్మిన సరుకు వాపసు తీసుకోం అన్నారు.

అసలైన ఇక్కత్‌లో ప్రింటుకు చోటెందుకు ఉండదో పని చూస్తే తెలుస్తుంది. ఇక్కడ రంగు నేసిన బట్టకు కాదు, నేయకముందే దారానికి వేస్తారు. పేక దారాన్ని, అంటే అడ్డ పోగును, ముందు ఆసు పోస్తారు, అంటే అర్ధచంద్రాకారపు చట్రం మీది మేకుల చుట్టూ తిప్పుతారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోశాక డిజైన్ గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. దీన్నే చిటికి కట్టడమంటారు. రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులైతే అన్నిసార్లు. ఆ తర్వాతే దారం వరుస తప్పకుండా కండెలకు చుట్టి మగ్గమెక్కిస్తారు.

కట్టు కింద రంగు కాస్త పాకుతుంది, నేసేటప్పుడు దారం వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే పువ్వు అంచు కొంచెం ఈకలా చెదిరి ఉంటుంది. గీత గీసినట్టు ఉంటే అనుమానించండి. రెండు వైపులా రంగు ఒకేలా ఉండాలి. అన్నిటికంటే గట్టి పరీక్ష జాకెట్టు ముక్క చివర ఒక పేక దారం లాగడం. ఇక్కత్ అయితే ఆ ఒక్క పోగులోనే ఎరుపు, తెలుపు, మళ్లీ ఎరుపు అని రంగులు మారుతుంటాయి, లోపలిదాకా ఇంకి ఉంటాయి. ప్రింటైతే పడుగు (నిలువు పోగు) దాటిన ప్రతిచోటా తెల్ల చుక్కలు కనిపిస్తాయి. డిజైన్ పడుగులో ఉంటే కొంగు కుచ్చు పోగులు చూడండి. లాగనివ్వని షాపు నుంచి లేచి వచ్చేయండి.

పట్టా కాదా అన్నది వేరే ప్రశ్న. ఆ పోగునే కాల్చండి. పట్టు వెంట్రుక కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. సిల్క్ మార్క్ లేబుల్ పట్టుకు మాత్రమే హామీ. మరమగ్గం మీద నేసినా ఆ లేబుల్ ఉండొచ్చు. చేతి మగ్గానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరు, రెండూ అడగండి. బిల్లులో 'చేనేత, పట్టు, ఇక్కత్' అని రాయించండి. ఒక్కటే పీసన్న మాటకు మాలాగా పడిపోకండి. ఒకే పడుగు మీద ఏడెనిమిది చీరలు నేస్తారు.

రెండోసారి వెళ్లినప్పుడు నేరుగా గల్లీల్లోకి నడిచాం. గుంట మగ్గం చప్పుడు వినిపించిన చోట వాకిట్లో నిలబడి అడిగితే చాలు, రమ్మంటారు. మాకు చెప్పిన ధరలు: నూలు బట్ట మీటరు 300, నూలు చీర 2,800, సింగిల్ ఇక్కత్ పట్టు 9,500, పడుగూ పేకా రెండూ కట్టిన డబుల్ ఇక్కత్ 22,000. అందుకే 6,800కు పట్టు ఇక్కత్ అన్నప్పుడే ఆగాల్సింది. నూలు చీర తీసుకున్నాం. ఆ నేత ఇంట్లో అత్తమ్మ చేతులు ఆసు మీద, మామ చేతులు మగ్గం మీద. అక్కడ బేరమాడబుద్ధి కాలేదు. మొదటిసారి కారులోంచి దిగనన్న మా ఆయన ఈసారి మగ్గం పక్కనే గంట కూర్చున్నారు.

వచ్చే నెల పుట్టపాకకు అనుకుంటున్నాం. తేలియా రుమాల్ అనే ఇక్కత్ బట్ట అక్కడి పని, నూలును నూనెలో నానబెట్టి చేస్తారు. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈసారి జేబులో అగ్గిపెట్టె ముందే పెట్టుకుంటాం.