డబ్బా ఇంట్లో మే నెల, రేకు గుడిసెలో జనవరి

కొత్తవలస దగ్గర మాకు ముప్పై సెంట్ల మామిడి తోట ఉంది. మావారు వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. విశాఖలో ఫ్లాట్ ఉంచుకుని, వారంలో మూడు నాలుగు రోజులు తోటలో గడపాలని ఇద్దరికీ ఎప్పటినుంచో ఆశ. ఇటుకలతో ఇల్లు కట్టించే ఓపిక, డబ్బు రెండూ లేవు. ఫోన్ తెరిస్తే చాలు, కంటైనర్ ఇళ్ళు, ప్యానెల్ గదులు, చెక్క కాటేజీలు, పది రోజుల్లో తెచ్చి నిలబెడతామనే ప్రకటనలు. బొమ్మలో అన్నీ బాగానే ఉంటాయి.

మావారు ముప్పై ఏళ్ళకు పైగా పోర్టులో మెకానిక్‌గా పనిచేశారు. ఇనుము అంటే ఏమిటో, ఉప్పు గాలి దాన్ని ఏం చేస్తుందో ఆయనకి తెలుసు. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు: కొనేముందు ఒక్కో రకంలో కనీసం ఒక రాత్రి పడుకోవాలి, అది కూడా ఆ ఇంటికి గిట్టని కాలంలో. ఇనప డబ్బాని మే నెలలో, పల్చటి రేకు గుడిసెని చలిలో, చెక్క ఇంటిని వానల్లో చూడాలన్నమాట. అలా ఏడాదిలో మూడు ప్రయాణాలు చేశాం. నాలుగోది అనుకోకుండా కలిసింది.

మొదటిది భీమిలి వైపు, సముద్రం కనిపించే ఒక చిన్న రిసార్టు. ఇరవై అడుగుల కంటైనర్‌ని గదిగా మార్చారు. రాత్రికి 3,500 రూపాయలు, టిఫిన్‌తో కలిపి. బయటనుంచి చూస్తే ముచ్చటేసింది. ముదురు నీలం రంగు, పెద్ద గాజు తలుపు, లోపల చెక్క పలకల గోడలు. కానీ లోపల అడుగుపెట్టగానే వెడల్పు తెలిసొచ్చింది. కంటైనర్ బయటి కొలత ఎనిమిది అడుగులు. లోపల ఏడడుగుల ఎనిమిది అంగుళాలే. దానికి రెండువైపులా వేడి ఆపే దూది పరుపులాంటి పొర, బోర్డులు కొట్టేసరికి ఏడడుగులు మిగిలింది. మంచాన్ని అడ్డంగా వేస్తే అటు నుంచి ఇటు దాటే దారి లేదు. పొడుగ్గా వేస్తే గోడకీ మంచానికీ మధ్య రెండడుగులు. ఒకరు లేవాలంటే ఇంకొకరు జరగాలి. ఒక రాత్రికైతే పరవాలేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఏళ్ళ తరబడి ఉండాల్సిన ఇల్లు మాత్రం అది కాదు.

వేడి సంగతి. నేను చిన్న థర్మామీటర్ వెంట తీసుకెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి బయట వేపచెట్టు కింద 36 డిగ్రీలు. ఏసీ ఉన్నంతసేపు లోపల హాయిగా ఉంది. మూడింటికి కరెంటు పోయింది. అరగంటలో లోపల 40 దాటింది. గోడమీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. కేర్‌టేకర్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "కరెంటు లేకపోతే ఇందులో ఉండలేరమ్మా, బయటికొచ్చీండి, చెట్టుకింద కుర్చీలేస్తాను" అన్నాడు. మర్యాదగల పిల్లాడు. మజ్జిగ తెచ్చిచ్చాడు, టేబుల్ ఫ్యాన్ ఎక్కడినుంచో పట్టుకొచ్చి ఇన్వర్టర్‌కి తగిలించాడు. అక్కడ సేవకి నేను పదికి పది మార్కులు వేస్తాను.

తప్పు డబ్బాది కూడా కాదు, అది పెట్టిన చోటుది. చెట్టు నీడ లేదు, పైన రెండో కప్పు లేదు. ఎండంతా నేరుగా ఇనుము మీద పడుతోంది. మావారు సాయంత్రం టార్చి పట్టుకుని డబ్బా చుట్టూ తిరిగారు. కిటికీల కోసం ఇనుము కోసిన చోటల్లా తుప్పు మొదలైంది. "కంటైనర్ కార్టెన్ స్టీలు, ఊరికే పాడవదు. కోసి వెల్డింగ్ చేసిన అంచులకి సరిగా పెయింట్ వెయ్యకపోతే సముద్రం పక్కన అక్కడే తినేస్తుంది" అన్నారు. అది వినకపోతే నేను ఆ నీలం రంగు చూసి అడ్వాన్సు ఇచ్చేసేదాన్నేమో.

బాత్రూమ్ గురించి ఒక మాట. అక్కడ సెప్టిక్ ట్యాంకు కాకుండా బయో డైజెస్టర్ పెట్టారు. రైలు పెట్టెల్లో ఇప్పుడు ఉన్న బయో టాయిలెట్ల వెనక ఉన్నది కూడా డీఆర్‌డీఓ వాళ్ళు తయారుచేసిన ఆ పద్ధతే. వాసన లేదు, గొయ్యి చిన్నది. అందులో ఫినాయిల్, యాసిడ్ పొయ్యకూడదని తలుపు మీద రాసి పెట్టారు. పోస్తే మలాన్ని తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయట. ఇది మాకు బాగా నచ్చింది.

వానాకాలంలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. కొత్తవలసలో మెయిన్ లైన్ వదిలి కొండల్లోకి తిరిగే లైన్ అది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేశారు. ఇప్పుడు అరకు వెళ్ళేవాళ్ళకి అదే కళ్ళపండుగ. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలవుతాయి, కిటికీలోంచి వాన జల్లు, పొగమంచు, లోయలో మేఘాలు. ఆ ప్రయాణం గురించి విడిగా రాయాలి. టైడా స్టేషన్లో దిగి, ఘాట్ రోడ్డు పక్కన స్థానిక గిరిజన కుటుంబం నడిపే రెండు చెక్క కాటేజీల్లో ఒకటి తీసుకున్నాం. 2,800 రూపాయలు, భోజనం వేరు.

మూడు ప్రయాణాల్లో బాగా నిద్రపట్టిన రాత్రి అదే. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడుగు. నేలకి రెండడుగుల ఎత్తున సిమెంటు దిమ్మల మీద నిలబెట్టారు, కింద గాలి ఆడుతోంది. రాత్రంతా వాన. పైకప్పులో రేకు కింద పలక, పలక కింద ఖాళీ ఉండటంతో చప్పుడు దూరంగా వినిపించింది. లోపల గోడలు చల్లగానూ లేవు, చెమ్మగానూ లేవు. ముందు ఆరడుగుల వసారా, అందులో రెండు కుర్చీలు. పొద్దున్న ఇంటావిడ అక్కడికే కాఫీ తెచ్చింది, వాళ్ళ తోటలో గింజలే. ఆ కాఫీ తాగుతూ మేం గదిలోకి వెళ్ళడమే మర్చిపోయాం. తొమ్మిదింటివరకూ వసారాలోనే కూర్చున్నాం.

ఇబ్బందులూ ఉన్నాయి. తలుపు వానకి ఉబ్బి సరిగ్గా పడలేదు, రాత్రి స్టూలు అడ్డం పెట్టాం. ఇంటాయన దాచుకోకుండా చెప్పాడు, "ప్రతి రెండేళ్ళకీ నూనె పట్టించాల బాబూ, ఒక్కసారి వదిలేస్తే నల్లగయిపోద్ది" అని. దిమ్మకీ చెక్కకీ మధ్య రేకు టోపీలు పెట్టాడు, చెదపురుగు ఎక్కితే కంటికి కనపడేలా. మా తోటలో ఎర్రమట్టి, చెదలు విపరీతం. మామిడి మొదళ్ళకే ఏటా మందు కొట్టిస్తాం. తిరిగొచ్చాక ఒక చెక్క కాటేజీ కంపెనీవాళ్ళని అడిగితే చదరపు అడుక్కి 2,200 చెప్పారు, చెదలకి గ్యారంటీ మాత్రం కాగితం మీద ఇవ్వలేదు. మనసు చంపుకుని వదిలేశాం.

అక్కడే స్థలం కొనుక్కుంటే పోలేదా అని మా అబ్బాయి అడిగాడు. చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అరకు, అనంతగిరి, లంబసింగి, ఇవన్నీ ఏజెన్సీ ప్రాంతాలు. 1970 నాటి ఒకటో నిబంధన, జనం 1/70 అంటారు, దాని ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. ఎవరైనా మధ్యవర్తి వచ్చి కాగితాలు చేయిస్తానంటే ఆ మాట నమ్మకండి. ఆ భూమి వాళ్ళది. మనం వెళ్ళి ఉండి, డబ్బిచ్చి రావడమే సరైనది.

లంబసింగి జనవరిలో వెళ్ళాం, నర్సీపట్నం మీదుగా. చెరువులవేనం దగ్గర మేఘాలు చూడటానికి వచ్చే జనంతో శనివారం రోడ్డంతా కార్లే. మాకు దొరికింది త్రికోణం ఆకారంలో రేకు గుడిసె, రాత్రికి 1,800. ఇనప గొట్టాల చట్రం, దానిమీద రంగు రేకు, లోపల పల్చటి ప్లైవుడ్, అది కూడా సగం వరకే. ఇలాంటివే కిట్టుగా లక్షలోపు దొరుకుతాయని చెప్తారు, అందుకే చూడాలనుకున్నాం.

తెల్లవారుజామున మూడింటికి నా మొహం మీద నీటిచుక్క పడింది. వాన లేదు. ఇద్దరి ఊపిరి ఆవిరి చల్లటి రేకుకి తగిలి నీరై కారుతోంది. దుప్పటి పైభాగం తడిసిపోయింది. పొద్దున్న ఆరింటికి లోపల ఆరు డిగ్రీలు, బయట నాలుగు. అంటే ఆ గుడిసె మమ్మల్ని గాలినుంచి కాపాడింది, చలినుంచి కాదు. ఉమ్మడి బాత్రూమ్ నలభై అడుగుల దూరం. వేడినీళ్ళు కట్టెల పొయ్యిమీద కాచి బకెట్ల లెక్కన ఇచ్చారు, మా వంతు వచ్చేసరికి అయిపోయాయి. ఫోన్లో చెప్పిన చలిమంట లేదు, అడిగితే వేరే డబ్బులన్నారు. ఆ ఊరికి మళ్ళీ వెళ్తాను, ఆ బసకి వెళ్ళను. ఒక రాత్రి సరదాకి వెళ్ళే కుర్రాళ్ళకి సరిపోతుంది. అలాంటిది కొని అందులో కాపురం పెడదామనుకునే వాళ్ళుంటే మాత్రం, దయచేసి ముందు ఒక జనవరి రాత్రి పడుకుని చూడండి.

నాలుగోది ఉద్దానంలో మా పిన్ని వాళ్ళ ఊరు. పెళ్ళికి వెళ్ళాం. పిన్నికి పక్కా ఇల్లుంది, కానీ పెరట్లో పాత చుట్టిల్లు ఇంకా ఉంచుకుంది, బంధువులు ఎక్కువై మాకు అందులో పక్కలేశారు. గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే మావారు నడుము వంచి లోపలికి వెళ్ళారు. పైన వాసాల మీద మట్టి మెత్తిన అటక. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫ్యాన్ లేకుండా అందరం నిద్రపోయాం. అలవాటుగా థర్మామీటర్ తీశాను. బయటకంటే అయిదు డిగ్రీలు తక్కువ.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. పిన్ని చెప్పింది: "ఒలమ్మీ, ఆ రేత్రి ఊళ్ళో రేకులన్నీ కాయితాల్లాగ ఎగిరిపోనాయి. దీని తాటాకు పోయింది గానీ గోడ కదల్లేదు." గుండ్రటి గోడకి గాలి అడ్డం దొరక్క పక్కలకి జారిపోతుంది, కిందికి వంగిన చూరులో గాలి దూరి పైకి లేపడానికి చోటుండదు. మావారు ఆ చూరు కొలతలు రాసుకున్నారు. మాకేమీ కొత్త కాదు, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా అపార్టుమెంటు కారు షెడ్డు రేకులు పక్కవీధిలో దొరికాయి.

అప్పుడు మా ఆలోచన తిరిగింది. అంతవరకూ ఏ డబ్బా కొనాలా అని చూశాం. కానీ నాలుగు చోట్లా మేం సుఖంగా గడిపిన సమయం లెక్కేస్తే, చెట్టు కింద, వసారాలో, లోతైన చూరు కింద. గది పడుకోవడానికి, సామాను పెట్టుకోవడానికి. కాబట్టి గది చిన్నదే కొని, నీడకి ఎక్కువ ఖర్చు పెట్టాలనుకున్నాం.

మేం తీసుకున్నది పఫ్ ప్యానెల్ గది కిట్టు, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడుగు. రెండు రేకుల మధ్య గట్టి నురగ నింపిన పలకలు, అంగుళాల్లో చెప్పాలంటే రెండు అంగుళాల మందం. కంటైనర్ అయితే ట్రైలర్ మీద వచ్చి హైడ్రా క్రేన్‌తో దించాలి. మా తోట గేటు దగ్గర బంగినపల్లి చెట్టు కొమ్మ నరికితే తప్ప హైడ్రా రాదు. ఆ చెట్టు మా మామగారు వేసింది. ప్యానెళ్ళు విడివిడిగా చిన్న ట్రక్కులో వస్తాయి, నలుగురు మనుషులు రెండు రోజుల్లో బిగిస్తారు.

ధర 1,80,000. ఇది చూసి సంతోషపడేవాళ్ళకి మిగతా లెక్క కూడా చెప్తాను. ఆరు సిమెంటు దిమ్మలు, వాటిలోంచి పైకి వచ్చే బోల్టులు, 35,000. మూడువైపులా ఎనిమిదడుగుల వసారా, పైన మొత్తం గదినీ కప్పేలా రెండో కప్పు, 1,10,000. బాత్రూమ్, బయో డైజెస్టర్ కలిపి 70,000. కరెంటుకి ఇంకో పాతిక వేలు, ఎందుకంటే బోరు మోటారుకున్న వ్యవసాయ కనెక్షన్‌తో ఇంట్లో లైట్లు వెలిగించకూడదు, గృహ కనెక్షన్ వేరుగా తీసుకోవాలి. మొత్తం మీద డబ్బా ధర సగంలోపే. అమ్మేవాళ్ళు ఫోన్లో చెప్పేది ఆ సగమే.

ఇంకో సంగతి. అమ్మే కుర్రాడు, "ఇది పోర్టబుల్ సర్, పర్మిషన్ అక్కర్లేదు" అన్నాడు. పంచాయతీ ఆఫీసులో అడిగితే, మనుషులు ఉండే గది ఏదైనా దరఖాస్తు పెట్టాల్సిందే అన్నారు. పెట్టాం. నెల పట్టింది, పెద్ద టెన్షన్ ఏమీ లేకుండా అయిపోయింది.

వంట లోపల వద్దని ముందే అనుకున్నాం. ఆ నురగ అంటుకుంటే వచ్చే పొగ విషం. అందుకని వెనక వసారాలో ఇటుక గోడ చాటున గ్యాసు పొయ్యి, పక్కన రుబ్బురోలు. చూరు మాత్రం పిన్ని ఇంటి కొలత పెట్టలేకపోయాం, అంత వంగి వెళ్ళడం నావల్ల కాదు. పడమటి వైపు మాత్రం ఆరడుగుల ఎత్తుకి దించమని వెల్డింగ్ మేస్త్రీకి చెప్పాం, మధ్యాహ్నం ఎండ వచ్చేది అటునుంచే.

దిమ్మలు పోసి తొమ్మిది రోజులైంది. మావారు రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి గోనెపట్టాలు తడిపి వస్తున్నారు. ట్రక్కు వచ్చే గురువారం వస్తుంది. థర్మామీటర్ తగిలించడానికి వసారాలో ఒక మేకు, గదిలో ఒక మేకు కొట్టించాలి.