నాలుగేళ్లుగా ఆల్గే స్క్రబ్బర్: కోసి తీసిందే లెక్క

ఆల్గే స్క్రబ్బర్ అంటే చేపల ట్యాంకు నీళ్లు శుభ్రం చేయడానికి ఒక మెష్ (వల) మీద కావాలని నాచు పెంచే ఫిల్టర్. మొన్న ఆదివారం నా స్క్రబ్బర్ మెష్ బయటికి తీసి, ఒక పక్క నాచంతా గీకి, నీళ్లు పిండి తూకం వేస్తే 90 గ్రాములు వచ్చింది. పది రోజుల పంట అది. నాలుగేళ్లుగా చేస్తున్న పనే అయినా, ఆ పచ్చటి ముద్ద చేతిలోకి వచ్చినప్పుడల్లా ఎంతో తృప్తిగా ఉంటుంది. చేపలకు వేసిన మేత చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్‌గా మారి నీళ్లలో చేరుతుంది కదా, దాన్ని పీల్చుకుని పెరిగిన నాచు ఇది. ఇక్కడ పెరగకపోతే ట్యాంకులో రాళ్ల మీదా గాజు మీదా పెరిగేది.

నాది 300 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్. ఆరు చిన్న చేపలు, కొన్ని మెత్తటి పగడాలు, ఒక పీత ఉన్నాయి. కింద సంప్ (ట్యాంకు నీళ్లు వచ్చి చేరే తొట్టి) మీద స్క్రబ్బర్ పెట్టాను. చాలా సాదా ఏర్పాటే: పీవీసీ పైపుకు పొడుగ్గా చీలిక కోసి, అందులోంచి గరుకుగా గీరిన ప్లాస్టిక్ మెష్ వేలాడదీశాను. పంపు తోసిన నీళ్లు మెష్‌కు రెండు వైపులా పల్చటి పొరలా జారి సంప్‌లో పడతాయి. రెండు పక్కలా 660 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీలు ఉంటాయి. పగడపు దిబ్బల మీద అలల తాకిడికి దట్టంగా పెరిగే పొట్టి నాచును చూసి, స్మిత్సోనియన్ సంస్థలో పనిచేసిన వాల్టర్ ఏడీ ఈ పద్ధతిని తయారుచేసి 1982లో పేటెంట్ పొందారు. ఆయన అమరికలో నీళ్లు నిండగానే బకెట్ వంగి, అలలా ఒక్కసారిగా పారేది. ఇప్పుడు మనం వాడేది జలపాతంలా జారే రకం. ఏ రకమైనా నీటి జోరే ప్రాణం. మెష్ వెడల్పు ప్రతి అంగుళానికి గంటకు 130 లీటర్లకు పైగా పారాలి. అంతకన్నా తగ్గితే నాచు అతుకులు అతుకులుగా వస్తుంది.

నేను మొదటి ఏడాది నష్టపోయింది సైజు దగ్గర. ట్యాంక్ ఎన్ని గాలన్లో మెష్ అన్ని చదరపు అంగుళాలు అనే పాత లెక్క పట్టుకుని, ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తుతో పెద్ద మెష్ కట్టాను. పంపు చాల్లేదు. మెష్ అంచులు ఎండిపోయేవి, మధ్యలో పసుప్పచ్చగా రబ్బరులాంటి పొర పట్టేది. అసలు చూసుకోవాల్సింది మేతను. రోజుకు ఒక ఫ్రోజెన్ క్యూబ్ (గడ్డకట్టించిన మేత ముక్క) వేస్తే, రెండు పక్కలా వెలుతురు పడే 12 చదరపు అంగుళాల మెష్ సరిపోతుంది. నేను వేసేది రెండు క్యూబ్‌లు. ఆరు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తుకు కోసేశాను. అదే పంపు, అవే లైట్లు. నెల తిరక్కముందే మెష్ నిండా పచ్చటి వెంట్రుకల నాచు వచ్చింది.

కొత్త మెష్ పెట్టినవాళ్లు మొదట్లో కంగారు పడొద్దు. ముందు గోధుమ రంగు జిగురు వస్తుంది, తర్వాత పచ్చటి జిగురు. అసలు నాచు పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా ఉన్న ఫిల్టర్ తీసేయకూడదు. నేను స్కిమ్మర్‌ని ఇప్పటికీ నడుపుతున్నాను. అది బుడగలతో నురగ చేసి, సేంద్రియ వ్యర్థాన్ని కుళ్లకముందే లాగేస్తుంది, నీళ్లకు గాలి కలుపుతుంది. స్క్రబ్బర్ ఆ తర్వాత మిగిలినదాన్ని తీసుకుంటుంది. రెండూ ఒకదాని పని ఒకటి చేయవు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. రెండో ఏడాది పని మీద ఐదు వారాలు ఊళ్లో లేను. మేత వేయడానికి మనిషిని పెట్టాను గానీ కోత గురించి చెప్పలేదు. వచ్చి చూస్తే నాచు పిడికిలంత మందాన వేలాడుతోంది, చూడ్డానికి భలే ఉంది. చేత్తో విడదీసి చూశాను. పైన పచ్చగా ఉంది కానీ మెష్‌ను పట్టుకున్న మొదళ్లు తెల్లగా పాలిపోయి, వేలు తగిలితే జారిపోతున్నాయి. కుళ్లు వాసన. వెలుతురు, నీళ్లు లోపలికి అందక అడుగు పొర చచ్చి, పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదిలేసింది. ఎప్పుడూ 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) దాటని నైట్రేట్ ఆ రోజు 20 చూపించింది. నీళ్లకు లేత పసుపు రంగు వచ్చింది. నాచు పెరిగినంత మాత్రాన ఫిల్టర్ పని అయినట్టు కాదని అప్పుడు అర్థమైంది. కోసి బయటికి తీసిందే లెక్క.

అప్పటి నుంచి పది రోజులకు మించి ఆగను. రెండు పక్కలూ ఒకేసారి గీకను, ఈసారి ఒక పక్క, మరోసారి ఇంకో పక్క. పూర్తిగా బోడి చేస్తే మళ్లీ అందుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ టైమ్‌లో ట్యాంకులో పాచి మొదలవుతుంది. మెష్‌ను ముందు సంప్ నీళ్లలో జాడిస్తాను. అందులో దాక్కున్న కోపీపాడ్‌లు (రొయ్యల జాతికి చెందిన చిన్న చిన్న జీవులు) ఈదుకుంటూ పోతాయి, చేపలకు అదే మంచి తిండి. ఆ తర్వాతే మంచినీళ్ల కింద గీకుడు. నీళ్ల పసుపుకు నెలలో కొన్నాళ్లు యాక్టివేటెడ్ కార్బన్ (రంగును పీల్చుకునే బొగ్గు) పెడతాను.

లైట్లు మొదట రోజుకు 18 గంటలు వేసేవాణ్ని. మూడో ఏడాది నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ టెస్ట్ కిట్‌లో సున్నాకు పడిపోయి, పగడాల రంగు పాలిపోయింది. సున్నా చూసి నేను సంబరపడ్డాను గానీ, పగడాలకు కూడా అవి కొంచెం కావాలి. 12 గంటలకు తగ్గించి, మేత కాస్త పెంచాక రెండు నెలల్లో కోలుకున్నాయి. ఆ 12 గంటలూ రాత్రిపూట పెట్టాను. ట్యాంక్ లైట్లు ఆరిపోయాక కూడా స్క్రబ్బర్ నాచు కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున పీహెచ్ మునుపటిలా పడిపోవడం లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. పైపు చీలికలోకి నాచు చొచ్చుకుపోయి నీటి పొర మధ్యలో చీలిపోతుంది. ప్రతి కోతకూ పాత ప్లాస్టిక్ కార్డుతో చీలిక శుభ్రం చేయాలి, పైపు మీద వెలుతురు పడకుండా నల్లటి కవర్ చుట్టాలి. తుంపర్లు ఎగిరి లైట్ల చుట్టూ ఉప్పు పేరుకుంటుంది, కరెంటు వైర్లకు అది మంచిది కాదు. మూత లేకుండా నడపొద్దు. నీళ్లు ఆవిరవడం కూడా పెరిగింది, ఉప్పు మోతాదు వెయ్యికి 35 వంతుల దగ్గర నిలపడానికి ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లను తనంతట తానే నింపే పరికరం) పెట్టాల్సి వచ్చింది.

నాకున్న ఒకే ఒక టెన్షన్ పంపు. అది ఆగి లైట్లు వెలుగుతూ ఉంటే కొన్ని గంటల్లో మెష్ ఎండిపోతుంది, వారాల పెంపకం పోతుంది. అందుకే రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టి, సంప్ పక్కన ఇంకో పంపు సిద్ధంగా ఉంచాను. ఇప్పటికి రెండుసార్లు దాని అవసరం పడింది.