శ్రీకూర్మానికి ముప్పావుగంట ఏ మూలకీ చాలదు

విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లా గుళ్ళన్నీ ఒక్కరోజులో తిప్పి తీసుకొస్తామన్న ఒక ట్రావెల్స్‌లో ఇన్నోవా మాట్లాడుకుని పోయిన ఆదివారం అమ్మానాన్నలతో వెళ్ళొచ్చాం. బండి బాగుంది, డ్రైవర్ గారు తెల్లవారి అయిదింటికల్లా గుమ్మం ముందున్నారు. నా కంప్లయింటల్లా వాళ్ళు వేసిన టైమ్‌టేబుల్ మీదే.

శ్రీకూర్మానికి ముప్పావుగంటే ఇచ్చారు. స్వామి పడమర ముఖంగా ఉండే గుడి అది, ధ్వజస్తంభాలు రెండు. దర్శనం పావుగంటలో అయిపోయింది కానీ చూడాల్సింది ఆ తర్వాతే ఉంది. ప్రదక్షిణ మండపంలో నున్నగా చెక్కిన నల్లరాతి స్తంభాలు, ఒకదాని పనితనం ఇంకోదానికి కలవదు, చాలావాటి మీద శాసనాలు, గోడల మీద రంగు వెలిసిన పాత బొమ్మలు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థుల 1281 నాటి శాసనం ఈ గుడిలోదే. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని ఒక స్తంభం దగ్గర ఆగిపోయి, ఆ పాత తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ 'స్వస్తిశ్రీ' దాకా వచ్చి, "ఒరేయ్, చదవొస్తోందిరా!" అన్నారు, సరిగ్గా అప్పుడే డ్రైవర్ గారి ఫోన్. పెరట్లో ఆకులు నములుతున్న నక్షత్ర తాబేళ్ళని అమ్మ నడుస్తూనే చూసింది. నాకు చాలా బాధేసింది.

శాలిహుండం బౌద్ధ స్తూపాలకి కొండెక్కాలి, మోకాళ్ళ నొప్పులుంటే కష్టం, కానీ పైనుంచి వంశధార కనిపిస్తుంది. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే.

ముఖలింగం అంటే ఒకప్పటి తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం. అందరూ అక్కడి పెద్ద గుడి, మధుకేశ్వరుడి దగ్గరికే నేరుగా వెళ్ళిపోతారు. ఊరి మొదట్లోనే ఒంటరిగా నిలబడ్డ సోమేశ్వరాలయం దగ్గర దయచేసి బండి ఆపించండి. ముందు మండపం లేదు కాబట్టి గుమ్మం మీది గంగా యమునల శిల్పాలు ఎండలోనే కనిపిస్తాయి, శిఖరం ఒడిశా గుళ్ళలా నిలువుగా లేస్తుంది. అక్కడ మాకు దొరికింది పది నిమిషాలు. కళింగపట్నం బీచ్‌లో మాత్రం గంటన్నర కూర్చోబెట్టారు, సముద్రం మాకు విశాఖలో లేదా?

అయిదు స్టార్లకి బండికి నాలుగు, ప్లాన్‌కి రెండు. బుక్ చేసేటప్పుడే బీచ్ తీసేయించి, ఆ టైమ్ శ్రీకూర్మానికి, సోమేశ్వరానికి పంచమని గట్టిగా అడగండి. మేం సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్తున్నాం, రాత్రికి శ్రీకాకుళంలోనే రూమ్ తీసుకుని. నాన్న ఆ స్తంభం పూర్తిగా చదవాలట.