మేయోకు ఏ సీజన్ మేలు: 2017దా, 2021దా?

ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న మేయో కౌంటీ, ఆ దేశపు సొంత ఆట అయిన గేలిక్ ఫుట్‌బాల్‌లో అఖిల ఐర్లండ్ టైటిల్ గెలిచి ఏడు దశాబ్దాలు దాటింది. 1951లో మీత్ జట్టును ఓడించి తెచ్చుకున్న శామ్ మగ్వైర్ కప్పు ఈ నేలకు మళ్ళీ రాలేదు. అందువల్ల ఇక్కడి అభిమానులకు గెలిచిన ఏళ్ళను పోల్చుకునే భాగ్యం లేదు. ఫైనల్ దాకా వెళ్ళి ఓడిన ఏళ్ళనే పక్కపక్కన పెట్టి బేరీజు వేసుకుంటారు. ఈ కౌంటీలోని కాసిల్‌బార్ పట్టణంలో స్థిరపడ్డాక మేయో ఆకుపచ్చ, ఎరుపు జెండాను నాదిగా చేసుకున్న నేను కూడా ఆ చర్చలో ఏటా కూర్చుంటాను. అందులో తప్పక తలెత్తే రెండు సీజన్లు 2017, 2021. నా మొగ్గు 2017 వైపే.

స్కోరు చదవడం కొత్తైన వారికి ఒక్క మాట చెప్పాలి. గోల్‌కు 3 పాయింట్లు. ఆ సీజన్లలో బంతి అడ్డకర్ర పైనుంచి, నిలువు కర్రల మధ్యగా పోతే 1 పాయింటు ఉండేది. 2-14 అంటే రెండు గోల్స్, పద్నాలుగు పాయింట్లు, వెరసి ఇరవై.

ముందుగా 2021 పక్షాన చెప్పవలసింది చెబుతాను, ఎందుకంటే ఆ వాదన తీసిపారేయదగినది కాదు. అంతకు ముందు చలికాలంలో గోల్‌కీపర్ డేవిడ్ క్లార్క్, కీత్ హిగ్గిన్స్, టామ్ పార్సన్స్ వంటి అనుభవజ్ఞులు జట్టుకు వీడ్కోలు పలికారు. స్కోరు భారాన్ని ఏళ్ళ తరబడి మోసిన కిలియన్ ఓకానర్ గాయపడి ఛాంపియన్‌షిప్ మొత్తానికీ దూరమయ్యాడు. అయినప్పటికీ మేనేజర్ జేమ్స్ హొరన్ తీర్చిదిద్దిన కుర్రజట్టు కనాక్ట్ ప్రావిన్సు ఫైనల్లో గాల్వేను 2-14, 2-8తో ఓడించింది. ఆపై ఆగస్టు 14న సెమీఫైనల్లో ఎదురైనది డబ్లిన్. వరుసగా ఆరేళ్ళు కప్పు గెలిచి, ఛాంపియన్‌షిప్‌లో 45 మ్యాచ్‌ల పాటు ఓటమి ఎరుగని జట్టు అది. విరామ సమయానికి 0-10, 0-4తో వెనుకబడిన మేయో రెండో అర్ధభాగంలో ఒక్కొక్క పాయింటే కూడగట్టుకుంటూ వచ్చింది. ఆట ముగిసే క్షణాల్లో ఇంకా ఒక పాయింటు లోటు ఉండగా, 45 మీటర్ల గీత నుంచి ఫ్రీకిక్ కొట్టడానికి గోల్‌కీపర్ రాబ్ హెనెలీ మైదానం అవతలి కొసకు నడిచివెళ్ళాడు. మొదటిసారి కొట్టిన బంతి పక్కకు పోయింది. డబ్లిన్ ఆటగాళ్ళు ముందుకు చొచ్చుకువచ్చారని రెఫరీ మళ్ళీ కొట్టమన్నాడు. రెండోసారి అది కర్రల మధ్యగా సాగిపోయింది. 2016 ఫైనల్ సమంగా ముగిసి మళ్ళీ ఆడిన రీప్లేలో బంతి చేజారినందుకు ఏళ్ళ తరబడి నిందలు మోసిన హెనెలీయే ఆ పాయింటు తేవడం నా మనసును ఈనాటికీ కదిలిస్తుంది. అదనపు సమయంలో మేయో 0-17, 0-14తో గెలిచింది.

అయితే సెప్టెంబరు 11న టిరోన్‌తో జరిగిన ఫైనల్లో ఆ జట్టు తన ఆట తాను ఆడలేకపోయింది. పెనాల్టీ వృథా అయింది, అందివచ్చిన గోల్ అవకాశాలు చేజారాయి, టిరోన్ మాత్రం తనకు దొరికిన వాటిలో రెంటిని గోల్స్‌గా మలుచుకుని 2-14, 0-15తో నెగ్గింది. అంతకు ముందటి ఏడాది ఫైనల్లో డబ్లిన్ చేతిలో ఓడినదీ సరిగ్గా అదే స్కోరుతో. డబ్లిన్ అడ్డు తొలగిన ఏడాది, అందరూ మేయోనే గెలుస్తుందనుకున్న ఏడాది ఇలా ముగిసింది. 1951 జట్టులో సజీవంగా మిగిలిన చివరి ఆటగాడు పాడీ ప్రెండర్‌గాస్ట్ అదే నెలలో కన్నుమూశారు.

ఇక 2017 సంగతి. జూన్‌లో గాల్వే చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడినప్పుడు ఈ జట్టు పని అయిపోయిందన్న వారే ఎక్కువ. ప్రావిన్సులో ఓడిన జట్లకు క్వాలిఫయర్ల రూపంలో మరో దారి ఉన్న రోజులవి. ఆ దారిలో కాసిల్‌బార్‌లోనే డెర్రీని ఓడించడానికి అదనపు సమయం కావలసివచ్చింది. ఎన్నిస్‌లో క్లేర్‌ను దాటి, లిమరిక్‌లో మళ్ళీ అదనపు సమయం ఆడి కార్క్‌ను 0-27, 2-20తో, అంటే ఒకే ఒక్క పాయింటుతో గట్టెక్కారు. క్వార్టర్‌ఫైనల్లో రాస్‌కామన్‌తో ఆట సమమైతే రీప్లేలో 4-19, 0-9తో చిత్తు చేశారు. సెమీఫైనల్లో కెర్రీతో 2-14, 2-14గా నిలిచి, రీప్లేలో అయిదు పాయింట్లతో నెగ్గారు. ఫైనల్‌తో కలిపి మొత్తం పది మ్యాచ్‌లు; 2021లో ఆడినవి అయిదే. వీరెవరూ జీతానికి ఆడేవారు కారని, వారమంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు సాధనకు వచ్చేవారని గుర్తుంచుకుంటే ఆ పది మ్యాచ్‌ల బరువు తెలుస్తుంది. అభిమానులకూ అది నిండు వేసవి: డబ్లిన్‌లోని క్రోక్ పార్కుకే అయిదుసార్లు ప్రయాణం. 2021లో కోవిడ్ ఆంక్షల వల్ల ఫైనల్లో కూడా సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

సెప్టెంబరు 17న డబ్లిన్‌తో జరిగిన ఫైనల్లో రెండో నిమిషంలోనే కాన్ ఓకలహన్ గోల్ కొట్టినా మేయో బెదరలేదు. విరామానికి ఒక పాయింటు ఆధిక్యంలో ఉంది. రెండో అర్ధభాగంలో లీ కీగన్ గోల్ కొట్టాడు. డబ్లిన్ జాన్ స్మాల్‌ను కోల్పోయిన ఘటనలోనే మేయో డానల్ వాన్ కూడా రెడ్ కార్డుతో వెళ్ళిపోవడం స్వయంకృతం, దాన్ని నేను సమర్థించను. స్కోరు సమంగా ఉన్న ఆఖరి నిమిషాల్లో కిలియన్ ఓకానర్ కొట్టిన ఫ్రీకిక్ కర్రకు తగిలి వెనక్కి వచ్చింది. ఆ తరువాతి ఫ్రీకిక్ డబ్లిన్‌ది. డీన్ రాక్ పరుగు అందుకున్నప్పుడు కీగన్ తన కదలికలను నమోదు చేసేందుకు ఒంటిపై ఉన్న జీపీఎస్ పరికరాన్ని లాగి అతని వైపు విసిరాడు. అది తప్పే, కానీ పది మ్యాచ్‌ల తరువాత కూడా తన దగ్గర మిగిలిన ఆఖరి వస్తువును సైతం వాడి చూసిన మనిషి ఆరాటం అందులో నాకు కనిపిస్తుంది. రాక్ గురి తప్పలేదు. డబ్లిన్ 1-17, మేయో 1-16.

చేతికందిన ముద్ద నోటికి అందకపోవడమే ఎక్కువ బాధ కదా, అయిదు పాయింట్ల ఓటమిని మరిచిపోవడం తేలిక కదా అని నన్ను అడిగినవారున్నారు. నాకు అనుభవమైనది అందుకు విరుద్ధం. ఆ తరం డబ్లిన్ అత్యుత్తమ జట్టును తన పూర్తి శక్తితో ఎదుర్కొని ఒక్క పాయింటుతో ఓడిన మేయోలో నాకు లోపం కనబడదు. 2021లో మాత్రం, ఆ జట్టు తన సత్తాకు తగ్గట్టు ఆడి ఉంటే ఏమయ్యేదో అన్న ప్రశ్న నన్ను వదలదు. ఆ ఫైనల్‌ను నేను మళ్ళీ పూర్తిగా చూడలేకపోయాను. 2017 ఆఖరి పావుగంటను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

నాతో పనిచేసే, మేయోలోనే ఉన్న బల్లినా ఊరి ఆవిడ ఈ తీర్పును ఒప్పుకోదు. ఆవిడ కొడుకు 2015లో పుట్టాడు. ఆ ఆగస్టు సాయంత్రం వరకు ఛాంపియన్‌షిప్‌లో డబ్లిన్ ఓడిపోవడం వాడి జీవితంలో జరగనేలేదని, ఆ ఒక్క రోజు కోసం 2021నే కోరుకుంటానని ఆవిడ అంటుంది.