నాలుగేళ్ల బాతు కోటు

జాకెట్ అంటే మా అమ్మకు రవికే గుర్తొస్తుంది. అందుకని మా ఇంట్లో నా చలి జాకెట్ పేరు బాతు కోటు. లోపల ఉన్నది బాతు పొట్ట కింది మెత్తటి నూగు అని నేను నోరు జారిన రోజు నుంచి ఆ పేరే స్థిరపడింది. ఎండాకాలంలో మాడిపోయే తిరుపతిలో ఇదెందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: ఏడాదికోసారి, సెలవు దొరికితే, హిమాలయాలకు వెళ్తాను. మిగతా పదకొండు నెలలూ ఇది నాతోపాటు ఇక్కడే పడి ఉంటుంది. నా గొడవంతా ఆ పదకొండు నెలలతోనే.

కొన్న కొత్తలో నన్ను మురిపించింది వెచ్చదనం కాదు, తన జేబులోకి తానే ముడుచుకుపోయే గుణం. ఎడమ జేబు తిరగేసి చేతులు, మెడ, నడుము వరసగా కుక్కి జిప్పు లాగితే ఒలిచిన కొబ్బరికాయంత పొట్లం అవుతుంది. ఆఫీసులో పది మందికైనా చేసి చూపించి ఉంటాను. నా మాట విని ఇద్దరు మిత్రులు ఇలాంటివే కొన్నారు కూడా. వాళ్లకు నేను కొంత సంజాయిషీ బాకీ ఉన్నాను.

మొదటి డిసెంబరులో కేదార్‌కంఠకు వెళ్లాను. 3,800 మీటర్ల శిఖరం మీద తెల్లవారుజామున ఈ కోటు వేసుకుని నిలబడితే చలి ముఖానికి మాత్రమే తెలిసింది. అక్కడి వరకు ఒక్క ఫిర్యాదూ లేదు.

తిరిగొచ్చాక బీరువాలో తగిలించబోతే అమ్మ ఒప్పుకోలేదు. పూజగదికి ఆనుకుని ఉన్న బీరువాలో, పట్టుచీరల పక్కన, బాతు ఈకలా? ‘అటక మీద పెట్టుకోరా’ అంది. పొట్లంగా చుడితే చోటే పట్టదు కదా అని మురుస్తూ జిప్పు లాగి అటకెక్కించాను. ఎండాకాలం పోయింది. అక్టోబరు నుంచి మా వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. అటక వెనక గోడ ఏటా చెమ్మ పడుతుంది. డిసెంబరులో ఆ పొట్లాన్ని విప్పకుండానే సంచిలో వేసుకుని, సర్దే పని ఒకటి తగ్గిందని సంతోషిస్తూ బ్రహ్మతాల్‌కు బయలుదేరాను.

ఆ దారిలోని బేకల్ తాల్ సరస్సు దగ్గర గుడారంలో, సాయంత్రం, మంచు పడుతుండగా జిప్పు తీశాను. ముందు వాసన వచ్చింది, తడిసిన కోళ్లగూడు వాసన. కోటు ఉబ్బలేదు. దులిపాను, విదిలించాను, అయినా కాల్చిన అప్పడంలా అలాగే ఉంది. టార్చి వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే కుట్టుకీ కుట్టుకీ మధ్య బట్టలోంచి వెలుగు ఇవతలికి కనిపిస్తోంది. నూగంతా ఒక్కో గదిలో ఒక్కో మూలకు చేరి, చింతగింజలంత ఉండలు కట్టింది. మా గైడు వచ్చి ఒక ఉండను రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఏమీ అనలేదు. తన గుడారంలోకి వెళ్లి పాలిస్టరు దూది నింపిన పాత జాకెట్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. మోచేతి దగ్గర కాలిన చిల్లుకు టేపు అంటించి ఉంది, దాన్ని మడిస్తే సగం సంచి నిండుతుంది. ఆ మూడు రాత్రులూ నన్ను కాపాడింది అదే.

తర్వాత నాకు అర్థమైంది ఇది. ఈక తానుగా వేడినివ్వదు. విచ్చుకున్న నూగు పట్టి ఉంచే గాలే చలిని ఆపుతుంది. నా కోటు చీటీ మీద 650 అని ఉంటుంది. ఒక ఔన్సు నూగు పూర్తిగా విచ్చుకుంటే అన్ని ఘనపుటంగుళాల చోటు నింపుతుందని దాని అర్థం. నెలల తరబడి నొక్కి ఉంచి, పైగా చెమ్మ తగలనిస్తే ఆ అంకె చీటీ మీదే మిగులుతుంది. జేబులోకి ముడవడం ప్రయాణానికే తప్ప నిల్వకు కాదని ఆ చీటీ మీదే ఒక ముక్క రాసి ఉంటే బాగుండేది.

బాగుచేసింది అమ్మే. ఏప్రిల్‌లో మేడ మీద వడియాలు పెడుతూ, ‘బూరుగుదూది దిండ్లు ఉండలు కడితే ఏం చేస్తాం?’ అంది. బట్టల సబ్బుపొడి ఈకలోని సహజమైన జిడ్డును లాగేస్తుందని చెబితే, పట్టుచీరలకు వాడే కుంకుడురసం తీసింది. కంపెనీ చెప్పే పద్ధతి ఇది కాదు, నేను పూచీ పడను. నాది ముదురు నీలం కాబట్టి మరక పడినా కనిపించదు. నురుగు పోయేదాకా జాడించి, పిండకుండా అదిమి, తీగ మీద వేస్తే నూగు కిందికి జారుతుందని నులకమంచం మీద పరిచి పాత పంచె కప్పాం. మూడు రోజులు గంటకోసారి వెళ్లి ఉండలు వేళ్లతో విడదీయడం, అరచేత్తో తట్టడం. రెండో రోజు మధ్యాహ్నం భుజం దగ్గర ఒక గది పూరీలా పొంగింది. ఇద్దరం వడియాలు వదిలేసి దాన్నే చూస్తూ నిలబడ్డాం. మునుపటి పొంగులో ముప్పాతిక వంతు తిరిగి వచ్చి ఉంటుంది, కొలవలేదు.

చిన్న జల్లుకు ఏమీ కాదని కూడా ఆ మిత్రులకు నేను అప్పట్లో చెప్పాను. పైబట్ట మీద చుక్కలు జారిపోయే మాట నిజమే, కానీ తడి లోపలి నుంచీ వస్తుంది. ఒక డిసెంబరు వేకువన సాధన కోసం అలిపిరి మెట్లు ఇది వేసుకునే ఎక్కాను. మొత్తం 3,550 మెట్లలో గాలిగోపురం చేరేలోపే వీపు భాగం చెమటకు చప్పబడిపోయింది. ఇప్పుడు కొండల్లో నడిచేటప్పుడు తీసేస్తాను, ఆగగానే వేసుకుంటాను.

నా తిరుగుడు తలకోన, హార్సిలీ హిల్స్, ధనుర్మాసంలో తిరుమల మంచు వరకే అయితే ఆ గైడు జాకెట్ లాంటిదే కొనేవాణ్ని. బరువే, కానీ తడిసినా పూర్తిగా చేతులెత్తేయదు, ఉతకడం సులువు. నాకు ఎడమ మోకాలి నొప్పి ఉంది, వారం రోజులు సంచి మోయాలి, కాబట్టి బాతు కోటునే ఉంచుకున్నాను.

ఇప్పుడది నా గది తలుపు వెనక విప్పారి వేలాడుతోంది. కుంకుడురసంతో మైల పోయిందట, అమ్మ అభ్యంతరం చెప్పలేదు. ఎడమ జేబులో మాత్రం ఎండు వేపాకు వేసింది. పోయిన డిసెంబరులో గుడారంలో చలికి ఆ జేబులో చేయి పెడితే గుప్పెడు వేపాకు పొడి బయటికి వచ్చింది.